కారుకి ఏరో కిట్ ఎట్లా వేసుకోవాలి: స్ప్లిట్టర్ నుంచి వింగ్ దాకా, గ్రిప్ నిజంగా పెరిగేలా

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో సాయంత్రం కాసేపు నిలబడితే చాలు, వెనక ఇంత పొడుగు వింగ్ పెట్టుకున్న కార్లు ఒకటో రెండో కనిపిస్తాయి, అదే ముందర స్ప్లిట్టర్, అంటే బంపర్ కింద ముందుకి చాచిన పలక, ఉండే కారు మాత్రం బో అరుదు. సమస్య అక్కడే ఉండాది. వెనక మాత్రమే వింగ్ వేసి ముందర ఏమీ చెయ్యకపోతే మంచి స్పీడ్‌లో స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు, నేరుగా పోతానంటుంది. ఏరో అంటే కారు చుట్టూ పొయ్యే గాలితో గ్రిప్ పెంచుకోవడం, ముందూ వెనకా కలిపి చేసే పని, చేసిన ప్రతి మార్పునీ కొలిచి చూసుకునే పని. కొలవకుండా చేసేది డెకరేషన్, దానికి స్టిక్కర్లు చాలు, వేలకి వేలు పోసే పన్లేదు.

ఇది ట్రాక్‌కి తీసకపోయే కారు కోసం రాస్తా ఉండా. స్పోర్ట్స్ కారైనా, ట్రాక్ డేలకి (సొంత కారుని రేసు ట్రాక్ మీద తిప్పే రోజులు) తయారు చేసుకున్న హ్యాచ్‌బ్యాక్ అయినా పద్ధతి ఒకటే.

ముందు ఈ లెక్క చూడండి

గాలి ఇచ్చే ఫోర్స్ స్పీడ్‌తో పాటు సమంగా పెరగదు, స్పీడ్ రెట్టింపైతే ఫోర్స్ నాలుగింతలవుతుంది. 1.4 మీటర్ల పొడుగు, 25 సెం.మీ. వెడల్పు ఉండే మామూలు వింగ్ ఒకటి తీసుకుందాం, దాని లిఫ్ట్ కోఎఫిషియంట్ (వింగ్ ఆకారం గాలి నుంచి ఎంత ఫోర్స్ తీస్తుందో చెప్పే అంకె) 1.2 అనుకుందాం, మన ఎండకి గాలి సాంద్రత క్యూబిక్ మీటరుకి 1.15 కేజీలు వేసుకుందాం. 40 కి.మీ. స్పీడ్‌లో ఆ వింగ్ కారుని కిందికి నొక్కేది సుమారు 3 కేజీలు. 60లో 7 కేజీలు. 100లో 19. 160కి పోతే 49, 200కి పోతే 76.

ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఇంత టైమ్ కంటే ముందు చేరకూడదని రూలే ఉండాది, ఆ మలుపుల్లో మనం పొయ్యేది 30, 40 స్పీడ్‌లో. ఆ స్పీడ్‌లో వింగ్ ఇచ్చేది 3 కేజీలు, వింగూ దాని స్టాండ్లూ లోపల వేసిన ప్లేట్లూ కలిపి తూగేది అంతకంటే ఎక్కువ. అంటే ఘాట్‌లో వింగ్ వల్ల ఒరిగేది ఏమీ లేదు సామీ, ఉత్త బరువు. మొగిలి ఘాట్ అయినా భాకరాపేట ఘాట్ అయినా అంతే, పబ్లిక్ రోడ్డు మీద గ్రిప్ కావాలంటే మంచి టైర్లు వేసుకుని నిదానంగా పోవడమే.

ఏరో పనిచేసే చోటు ట్రాకే. మనకి దగ్గరగా ఉండేది శ్రీపెరంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉండే మద్రాస్ సర్క్యూట్, ల్యాప్ 3.7 కి.మీ., పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా తెల్లారుజామున బయల్దేరితే టిఫిన్ టైమ్‌కి అక్కడుండొచ్చు. కోయంబత్తూరులో కరి ట్రాక్ కూడా ఉండాది కానీ అది చిన్నది, ల్యాప్ 2 కి.మీ. పైచిలుకే, స్పీడ్లు తక్కువ కాబట్టి ఏరో తేడా కూడా తక్కువగానే తెలుస్తుంది.

ఇంకో మాట, బరువు కావాలంటే డిక్కీలో బియ్యం మూటలు వేసుకుంటే పోలా అని అడిగేవాళ్ళున్నారు. మూట టైరుని కిందికి నొక్కేది నిజమే కానీ మలుపులో ఆ మూటని కూడా పక్కకి తిప్పాల్సింది ఆ టైరే, బ్రేక్ వేస్తే ఆపాల్సింది ఆ టైరే. గాలి కిందికి నొక్కే ఫోర్స్‌కి, అంటే డౌన్‌ఫోర్స్‌కి, ఆ బాధ లేదు, నొక్కుడు ఉంటుంది, లాగాల్సిన బరువు ఉండదు. ఏరో కోసం ఇంత తంటాలు పడేది ఆ ఒక్క దానికే.

కారు ఎందుకు పైకి లేస్తుంది

గాలివానకి రేకుల షెడ్డు పైకప్పు లేచిపోవడం చూసుంటారు కదా, పైన గాలి జోరుగా పోతే అక్కడ ప్రెషర్ తగ్గుతుంది, కింద ఉండే గాలి పైకి తోస్తుంది. కారు టాప్ వంపు మీద జరిగేదీ అదే, అందుకే మామూలు కార్లు చాలా వరకు స్పీడ్‌లో కొంచెం తేలికవుతాయి. మొదటి తరం ఆడి టీటీకి ఇదే జరిగింది, హైస్పీడ్‌లో వెనక తేలిపోయి యాక్సిడెంట్లయ్యాక అమ్మేసిన కార్లని వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్, ఈఎస్‌పీ (కారు జారిపోకుండా ఎలక్ట్రానిక్స్‌తో అదుపు చేసేది) వేసి పంపించారు.

స్పాయిలర్ వేరు, వింగ్ వేరు. స్పాయిలర్ బాడీకి అతుక్కుని ఉంటుంది, వెనక గాలి కిందికి జారిపోకుండా అడ్డుకుని లిఫ్ట్ తగ్గిస్తుంది, పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 మీద ఉండే బాతు తోక అట్లాంటిదే. వింగ్ గాలిలో విడిగా నిలబడి పైనా కిందా రెండు పక్కలా గాలిని పోనిస్తుంది, విమానం రెక్కని తలకిందులు చేసినట్టు. ఇందులో పని ఎక్కువ చేసేది వింగ్ అడుగు భాగం, పై భాగం కాదు. ఇది గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళా అవసరమవుతుంది.

స్టెప్ 1: ఏరో ముట్టుకోకముందు

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, అలైన్‌మెంట్. ఇవి సరిగా లేకుండా స్ప్లిట్టర్ కొన్నా దండగే. సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో టైర్ల ఫ్యాక్టరీనే పెట్టుకున్న జిల్లా మనది, మనం అరిగిపోయిన టైర్లతో వింగ్ కొనుక్కోవడం ఏం బాగుంటుంది చెప్పండి.

ఇవన్నీ అయ్యాక ఏ మార్పూ లేకుండా ఒక ట్రాక్ డే పూర్తిగా తిప్పండి. ల్యాప్ టైమ్‌లు, టైర్ ప్రెషర్లు, నాలుగు మూలలా కారు ఎత్తు, ఏ మలుపులో ముందర జారుతోంది ఏ మలుపులో వెనక జారుతోంది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత చేసే ప్రతిదీ దీంతోనే పోల్చాలి.

స్టెప్ 2: గాలి కారే సందులు మూయడం

ఖర్చు దాదాపు లేదు, అయినా ఎవరూ చెయ్యరు. గ్రిల్ లోంచి వచ్చే గాలి రేడియేటర్ లోంచే పోవాలి కానీ దాని పక్క సందుల్లోంచి జారిపోయి ఇంజిన్ బే నిండా, చక్రాల గుంతల నిండా చేరితే డ్రాగ్ (కారుని వెనక్కి లాగే గాలి ఫోర్స్) పెరుగుతుంది, ముందర లిఫ్ట్ పెరుగుతుంది. అట్ట ముక్కతో టెంప్లేట్ కోసుకుని, అదే సైజుకి పల్చటి అల్యూమినియం రేకు కట్ చేసి, అంచులకి ఫోమ్ అంటించి రేడియేటర్ చుట్టూ మూసేయండి. వాడని గ్రిల్ రంధ్రాలు కూడా మూయొచ్చు, కానీ ఒకటొకటిగా మూసి టెంపరేచర్ చూసుకుంటా పోవాలి, మే నెలలో 40 దాటే ఎండల్లో ఊటీ నుంచి వచ్చిన వీడియో చూసి అన్నీ ఒకేసారి మూస్తే ఇంజిన్ ఉడుకుతుంది.

బానెట్‌కి రంధ్రాలు పెట్టాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. వేడి గాలి బయటికి లాగాలంటే రంధ్రం రేడియేటర్‌కి కొంచెం వెనక, బానెట్ ముందు భాగంలో ఉండాలి, అక్కడ ప్రెషర్ తక్కువ. అద్దం మొదట్లో పెడితే అక్కడ ప్రెషర్ ఎక్కువ కాబట్టి గాలి బయటికి రాకపోగా లోపలికి దూరుతుంది.

స్టెప్ 3: ఎయిర్ డ్యామ్, స్ప్లిట్టర్

ముందర గ్రిప్ ఇచ్చేది ఇదే, కాబట్టి ఓపిగ్గా చెయ్యాలి. బంపర్‌కి గుద్దుకుని ఆగిన గాలి ప్రెషర్ స్ప్లిట్టర్ పైన కూర్చుంటుంది, కింద సన్న సందులోంచి గాలి జోరుగా పోయి ప్రెషర్ పడిపోతుంది, రెండూ కలిసి ముక్కుని కిందికి లాగుతాయి. కాబట్టి బంపర్‌కీ స్ప్లిట్టర్‌కీ మధ్య సందు ఉండకూడదు, బంపర్ అడుగు ఎత్తుగా ఉంటే దాన్నుంచి స్ప్లిట్టర్ దాకా నిలువు పట్టీ వెయ్యాలి, అదే ఎయిర్ డ్యామ్. ఏబీఎస్ షీట్ గానీ పల్చటి అల్యూమినియం గానీ సరిపోతుంది.

స్ప్లిట్టర్‌కి నా ఓటు 12 మి.మీ. మంచి ప్లైవుడ్‌కే. కార్బన్ ఫైబర్ చూడ్డానికి బాగుంటుంది, ట్రాక్ కర్బ్ (మలుపు అంచున ఉండే గట్టు) మీద ఒకసారి రాసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది, ప్లై పోతే మళ్ళా కోసుకోవచ్చు. బర్చ్ ప్లై దొరికితే మేలు, లేకపోతే మెరైన్ ప్లై. ఫ్లెక్స్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గర దొరికే ఏసీపీ షీట్ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) కూడా కొందరు వాడతారు, అది తేలికే కానీ ఒంటిగా అంత దూరం ముందుకి చాచితే వంగుతుంది, అడుగున ఫ్రేమ్ కావాలి.

కారుని నాలుగు జాకీ స్టాండ్ల మీద మట్టంగా పెట్టండి, ఉత్త జాకీ మీద ఎత్తి కిందికి దూరొద్దు. పెద్ద అట్టపెట్టె చింపి కింద పరిచి, మేస్త్రీలు వాడే తూకం గుండు బంపర్ అంచు నుంచి వేలాడదీసి, చుట్టూ చుక్కలు పెట్టుకోండి. ఆ చుక్కలు కలిపితే బంపర్ ఆకారం వస్తుంది. దాని నుంచి 50 నుంచి 75 మి.మీ. ముందుకి గీయండి, మొదటిసారికి అది చాలు. ఎంత పొడుగు చాచితే అంత గ్రిప్ అనుకోవద్దు, బంపర్ ముందర గాలి ఆగే మేర దాటితే లాభం తగ్గిపోతా ఉంటుంది, కర్బ్‌కి తగిలే భయం పెరుగుతుంది. వెనక పక్క ముందు చక్రాల మధ్య గీత దాకా పోనివ్వండి, స్టీరింగ్ పూర్తిగా రెండు పక్కలా తిప్పి టైరు తగలకుండా కోసుకోవాలి.

ముందు అంచు అడుగున గుండ్రంగా గీకి నున్నగా చెయ్యండి, చాలామంది పైఅంచు గుండ్రం చేసి కింద పదునుగా వదిలేస్తారు, అప్పుడు కింద గాలి ప్లైకి అంటుకోకుండా విడిపోతుంది. తర్వాత అంచులన్నిటికీ రెండు మూడు కోట్లు పాలియురిథేన్ గానీ ఎపాక్సీ గానీ పట్టించాలి, లేదంటే ఒక్క వానకే ఉబ్బుతుంది.

బిగించడం. ఇది బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి. బంపర్ అంటే ఉత్త ప్లాస్టిక్, క్లిప్పుల మీద ఉంటుంది. రేడియేటర్ సపోర్ట్, సబ్‌ఫ్రేమ్, క్రాష్ బీమ్ దగ్గర నుంచి బ్రాకెట్లు వెల్డ్ చేయించి ఎమ్8 బోల్టులు, నైలాక్ నట్లు, పెద్ద వాషర్లతో పట్టించండి. రేణిగుంట రోడ్డు వైపు లేత్ వర్క్ చేసేవాళ్ళకి స్కెచ్ గీసిస్తే పూటలో చేసిస్తారు. ముందు అంచుకి రెండు టర్న్‌బకిల్ రాడ్లు (తిప్పి పొడుగు సరిచేసుకునేవి) వేసుకోండి, ఫోర్స్ కిందికి లాగుతుంది కాబట్టి ఆ రాడ్లు లాగుడుని తట్టుకోవాలి. అన్నీ అయ్యాక ఒక మనిషి ముందు అంచు మీద నిలబడి చూడాలి. వంగినా, కిర్రుమన్నా ట్రాక్‌కి పనికిరాదు. తీసకపోయే హుక్ రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి, కారు ఇసుకలో దిగితే లాగేది దాంతోనే.

నేల నుంచి ఎత్తు 80 నుంచి 100 మి.మీ. మధ్య మొదలుపెట్టండి. ఇంకా కిందికి దించితే ఇంకా గ్రిప్ వస్తుంది అంటారు, కొంత వరకు నిజమే, కానీ గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ముక్కు వంగి స్ప్లిట్టర్ నేలకి ఆనితే కింద గాలి దారి మూసుకుపోయి ముందర గ్రిప్ ఒక్కసారిగా మాయమవుతుంది, సరిగ్గా అది కావాల్సిన టైమ్‌లోనే. మెత్తటి స్ప్రింగులుండే కారుకి ఎత్తు కొంచెం ఎక్కువే ఉంచుకోవాలి.

స్టెప్ 4: అడుగు భాగం

కారు కింద పైపులు, క్రాస్ మెంబర్లు, గుంతలు ఉంటాయి, గాలి వాటికి తట్టుకుని చెదురుతుంది. స్ప్లిట్టర్ వెనక నుంచి నున్నగా మూసుకుంటా పోతే డ్రాగ్ తగ్గుతా గ్రిప్ పెరుగుతుంది, ఏరోలో ఇట్లా రెండు పక్కలా లాభం వచ్చే పనులు తక్కువ. 1970లలో లోటస్ టీమ్ ఎఫ్1లో కారు అడుగు భాగాన్నే రెక్కలాగా మలిచి 1978లో లోటస్ 79తో టైటిల్ కొట్టింది, మనం అంత చెయ్యలేం కానీ సూత్రం అదే.

ఇక్కడ ఏసీపీ షీట్ బాగా పనికొస్తుంది, 3 మి.మీ.ది. కాకపోతే దాని మధ్యలో ఉండేది ప్లాస్టిక్, సైలెన్సర్ పైపు దగ్గర పెడితే కరుగుతుంది, మంట అంటుకోవచ్చు కూడా. సైలెన్సర్ దారి వదిలేయండి, మరీ దగ్గరైతే ఉత్త అల్యూమినియం రేకు వేసి మధ్యలో గాలి సందు ఉంచండి. ఆయిల్ డ్రెయిన్ దగ్గర మూత పెట్టుకోండి. రేడియేటర్ గాలి బయటికి పొయ్యే దారి లేకుండా మొత్తం సీల్ చెయ్యొద్దు.

వెనక డిఫ్యూజర్, అంటే ఫ్లోర్ వెనక చివర పైకి లేచే భాగం, 7 నుంచి 10 డిగ్రీల వాలులో ఉండాలి. అంతకంటే నిటారుగా పెడితే గాలి దాన్ని వదిలేసి పోతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ముళ్ళ డిఫ్యూజర్లు బంపర్ కింద వేలాడుతా ఉంటాయి, ముందర నున్నటి ఫ్లోర్ లేకుండా అవి చేసేది ఏమీ లేదు. స్టెపినీ గుంత, అడ్డంగా సైలెన్సర్ ఉండే హ్యాచ్‌బ్యాక్‌కి డిఫ్యూజర్ వదిలేసి ఫ్లోర్ ముందు సగం మాత్రం చేసుకోమనే నేను చెప్తా.

స్టెప్ 5: వింగ్

వింగ్ శుభ్రమైన గాలిలో ఉండాలి, అంటే సుమారు టాప్ ఎత్తుకి. డిక్కీకి ఆనుకుని జానెడు ఎత్తులో పెడితే టాప్ వెనక సుడులు తిరిగే గాలే దానికి దొరుకుతుంది. మరీ వెనక్కి చాచినా తంటానే, వెనక చక్రాలని ఇరుసు చేసుకుని ముందర చక్రాలని పైకి లేపుతుంది.

స్టాండ్లు వింగ్ అడుగున పట్టించే రకం కంటే పైనుంచి పట్టుకునే హంస మెడ రకం మేలు, పని చేసేది అడుగు భాగం అని పైన చెప్పా కదా, దాన్ని ఖాళీగా వదిలెయ్యాలి.

డిక్కీ డోర్ ఉత్త పల్చటి రేకు. 200 స్పీడ్‌లో 76 కేజీలు కిందికి, దాంతో పాటు వెనక్కి లాగే డ్రాగ్ కూడా ఆ నాలుగు బోల్టుల మీదే పడుతుంది. రేకు లోపలా బయటా 3 మి.మీ. ప్లేట్లు వేసి మధ్యలో బిగించాలి, కుదిరితే బంపర్ లోంచి ఛాసిస్‌కే స్టాండ్లు దించాలి. 1969లో స్పెయిన్ గ్రాండ్‌ప్రీలో గ్రాహమ్ హిల్, యోఖెన్ రిండ్ ఇద్దరి లోటస్ కార్ల వింగ్‌లూ ఒకే రేసులో విరిగిపోయాయి, ఆ తర్వాత మొనాకోలో ఆ పొడుగు కాళ్ళ వింగ్‌లని బ్యాన్ చేశారు. వాళ్ళకే అట్లా అయితే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో బిగించిన మన వింగ్ గురించి చెప్పేదేముంది.

యాంగిల్ కోసం కారుని మట్టమైన నేల మీద పెట్టి, వింగ్ ముందు అంచుకీ వెనక అంచుకీ ఆనేలా పట్టీ పెట్టి దాని మీద డిజిటల్ యాంగిల్ గేజ్ గానీ ఫోన్ యాప్ గానీ ఉంచండి. 5 డిగ్రీలతో మొదలుపెట్టి రెండేసి డిగ్రీలు పెంచండి. 12, 15 దగ్గర చాలా వింగ్‌లు స్టాల్ అవుతాయి, అంటే అడుగున గాలి విడిపోయి డౌన్‌ఫోర్స్ పడిపోతుంది, డ్రాగ్ మాత్రం మిగులుతుంది. అది కనిపెట్టడానికి ఊలు దారం చాలు. వేలెడంత ముక్కలు కోసి వింగ్ అడుగున వరసలుగా టేప్ వెయ్యండి, కెమెరా ఆ వైపు బిగించి ఒక రౌండ్ తిప్పండి. దారాలు వెనక్కి తిన్నగా పడుకుంటే బాగున్నట్టు, గిరగిరా తిరుగుతా ముందుకి పారిపోతా ఉంటే యాంగిల్ తగ్గించాల్సిందే.

ఇంకొంచెం కావాలంటే గర్నీ ఫ్లాప్ ఉండాది, 1971లో డాన్ గర్నీ తన రేసు కారు మీద వాడిన కిటుకు. వింగ్ వెనక అంచు మీద నిలువుగా చిన్న ఎల్ పట్టీ, అంతే. 25 సెం.మీ. వింగ్‌కి 5 మి.మీ. ఎత్తుతో మొదలుపెట్టొచ్చు.

స్టెప్ 6: ముందూ వెనకా సరిచూడడం

స్ప్లిట్టర్, వింగ్ రెండూ ఒకే రోజు బిగించుకుని ట్రాక్‌కి పోండి. ముందర మాత్రమే ఉంటే స్పీడ్‌లో వెనక తేలికై కారు తిరిగిపోతుంది, రెంట్లో ఇది ఎక్కువ ప్రమాదం. అందుకే మొదట వెనక కొంచెం ఎక్కువ ఉంచుకుని మెల్లిగా తగ్గించుకుంటా రావాలి.

పరీక్ష ఇట్లా చెయ్యండి. ఒక స్లో మలుపు, ఒక ఫాస్ట్ మలుపు ఎంచుకోండి. రెంటిలోనూ ముందర జారుతా ఉంటే అది టైర్లు, అలైన్‌మెంట్, యాంటీ రోల్ బార్ సంగతి, వింగ్ ముట్టుకోవద్దు. స్లోలో బాగుండి ఫాస్ట్‌లో మాత్రం ముందర జారితే వింగ్ యాంగిల్ తగ్గించాలి, ఫాస్ట్‌లో మాత్రం వెనక జారితే పెంచాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, అన్నా ఇంకో రెండు కూడా మార్చేద్దాం అని ఫ్రెండ్స్ తొందరపెడతారు, వినొద్దు.

ఎంత డౌన్‌ఫోర్స్ వస్తా ఉందో కొలవాలంటే ఫెండర్ మీద స్కేల్ లాగా గుర్తులు పెట్టిన టేప్ అంటించి కెమెరా పెట్టి చక్రం గుంతలో ఎంత దిగుతోందో చూడొచ్చు. ఒక చక్రం దగ్గర 1 మి.మీ. దిగాలంటే రెండున్నర కేజీలు కావాలి అనుకుంటే, ముందర రెండు చక్రాలకి కలిపి 5 కేజీలు. స్ట్రెయిట్‌లో 60 దగ్గర ఒకసారి, 140 దగ్గర ఒకసారి, యాక్సిలరేటర్ స్టెడీగా పట్టుకుని చూస్తే 8 మి.మీ. తేడా వచ్చిందంటే 40 కేజీలు. గతుకుల వల్ల అంకెలు ఊగుతాయి, నాలుగైదు సార్లు తీసి మధ్యస్థం వేసుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీసిన అంకెని మిట్టమధ్యాహ్నం అంకెతో పోల్చొద్దు, 20 డిగ్రీల గాలి కంటే 40 డిగ్రీల గాలి 6 శాతం దాకా పల్చన.

బంపర్ మూలల్లో పెట్టే కెనార్డ్‌లు (చిన్న రెక్కలు) చివరాఖరికి, ముందర ఇంకో కొసరు కావాలన్నప్పుడే. చేసేది కొంచెమే, లాగే డ్రాగ్ ఎక్కువ.

ఆర్టీఓ, ఇన్సూరెన్స్, ట్రాక్‌కి పొయ్యే దారి

మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పర్మిషన్ లేని మార్పుకి సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. అందుకే స్ప్లిట్టర్, వింగ్ రెండూ విప్పి పెట్టుకునేలా డిజైన్ చేసుకోండి, కారు మామూలుగా నడిపిస్తా పోయి వాటిని సీటు మడిచి వెనక పెట్టుకుంటే ట్రాక్ ప్యాడాక్‌లో (కార్లు ఆపి సిద్ధం చేసుకునే చోటు) అరగంటలో బిగించుకోవచ్చు. స్ప్లిట్టర్‌తో నగరి స్పీడ్ బ్రేకర్ల మీద పోవాలనుకునే ధైర్యం నాకైతే లేదు. బాగా డబ్బులుంటే ఫ్లాట్‌బెడ్ మీద తోలుకుపోవచ్చు.

ప్యాడాక్‌లో బిగించాక ప్రతి బోల్టు మీదా నట్టు మీదా కలిపి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. ప్రతి సెషన్ అయ్యాక కారు చల్లారేలోపు చుట్టూ ఒకసారి తిరిగి ఆ గీతలు చూడండి, గీత ఒక్కటి విరిగినట్టు కనిపించినా నట్టు తిరిగిందని అర్థం, టార్క్ రెంచ్ పెట్టి బిగించి కొత్త గీత గీశాకే మళ్ళా ట్రాక్ మీదికి.